మీ ప్రశ్న – మా జవాబు: సవారో, చేతులెత్తి నిలబడే కాక్టస్

ఈ నెల ఈ శీర్షిక మొత్తం ఒకే మొక్కకు కేటాయించాం. అమెరికాలో అరిజోనా రాష్ట్రపు దక్షిణ భాగంలో, దాన్ని ఆనుకుని మెక్సికోలో ఉన్న సొనోరా రాష్ట్రంలో పెరిగే సవారో కాక్టస్ అది. శాస్త్రీయ నామం కార్నీజియా జైగాంటియా. ఫీనిక్స్ పరిసరాల్లో స్థిరపడిన తెలుగువాళ్లు, పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన తల్లిదండ్రులు, ఇక్కడ మిద్దె మీద కుండీల్లో కాక్టస్‌లు పెంచేవాళ్లు అడిగిన ప్రశ్నలను ఒకచోట చేర్చాం.

ప్రశ్న: ఫీనిక్స్‌లో మా అబ్బాయి ఇంటి దగ్గర రోడ్డు పక్కన కరెంటు స్తంభాలంత ఎత్తున కాక్టస్‌లు చూశాం. అవి నిజంగా ఎంత ఎత్తు పెరుగుతాయి? ఎంత బరువుంటాయి? (గుంటూరు)

బాగా ఎదిగిన సవారో మామూలుగా 12 మీటర్లు, అంటే 40 అడుగుల దాకా ఉంటుంది. 15 మీటర్లు దాటినవీ ఉన్నాయి. అరిజోనాలోని కేవ్ క్రీక్ దగ్గర ఒక్క చెయ్యి (పక్క కొమ్మ) కూడా లేకుండా 78 అడుగులు పెరిగిందని చెప్పే సవారో ఒకటి 1986లో ఈదురుగాలికి కూలిపోయింది.

బరువును మీరే లెక్క కట్టుకోవచ్చు. మాను అడ్డుకొలత 45 సెంటీమీటర్లు అనుకుంటే ఒక మీటరు పొడవు ముక్క ఘనపరిమాణం దాదాపు 160 లీటర్లు. ఆ ఒంట్లో ఎక్కువ భాగం నీరే కాబట్టి ఆ ముక్క సుమారు 150 కిలోలు తూగుతుంది. అడ్డుకొలత 60 సెంటీమీటర్లయితే మీటరుకు 280 కిలోల దాకా వస్తుంది. పన్నెండు మీటర్ల మాను ఒక్కటే మూడు టన్నులు దాటుతుంది. దానికి ఐదారు చేతులు కలిపితే ఐదారు టన్నులు కావడం మామూలే. వాన పడిన వారానికి, ఎండాకాలం చివరకి ఒకే చెట్టు బరువులో చాలా తేడా ఉంటుంది. అందుకే ఏ పుస్తకంలోనూ దీని బరువు ఒకే అంకెగా కనిపించదు.

ఇంత బరువును పట్టి నిలిపే వేళ్లు ఎంత లోతుకు వెళ్తాయోననుకుంటాం. మధ్యలో ఉన్న తల్లివేరు రెండు మూడు అడుగులకు మించదు. మిగతా వేళ్లన్నీ నేలకు నాలుగైదు అంగుళాల లోపలే ఉండి, చెట్టు ఎంత ఎత్తుంటే చుట్టూ అంత దూరం పాకుతాయి. దక్షిణ అరిజోనాలోని టూసాన్ నగరంలో ఏడాదికి కురిసే వాన 300 మిల్లీమీటర్ల లోపే. ఫీనిక్స్‌లో అది 200 కూడా ఉండదు. పడిన చినుకు లోతుకు ఇంకకముందే పట్టుకోవాలంటే వేరు పైపైనే ఉండాలి. వాన తగలగానే ఈ వేళ్ల నుంచి సన్నని పిల్లవేళ్లు పుడతాయి, నేల ఆరగానే అవి ఎండి రాలిపోతాయి. సవారో చుట్టూ కాంక్రీటు పోయొద్దని, మొదట్లో గుంత తవ్వొద్దని చెప్పేది ఇందుకే. మొదలు నుంచి నాలుగడుగుల దూరంలో తవ్విన ఒక కాలువ కూడా సగం వేళ్లను తెంపేయగలదు.

ప్రశ్న: మాను నిండా నిలువు మడతలు ఉంటాయెందుకు? ముళ్లు కేవలం జంతువుల నుంచి రక్షణకేనా? (హనుమకొండ, వృక్షశాస్త్రం చదువుతున్న విద్యార్థిని)

సవారో రూపంలో అన్నిటికంటే తెలివైన ఏర్పాటు ఆ మడతలే. వయసును బట్టి, లావును బట్టి ఒక మానుకు 12 నుంచి 25 దాకా మడతలుంటాయి, ఇంకా ఎక్కువ ఉన్నవీ కనిపిస్తాయి. నీరు దొరికినప్పుడు మడతలు విచ్చుకుని మాను ఉబ్బుతుంది, నీరు తరుగుతున్నకొద్దీ గాడులు లోతుగా పడి మాను సన్నబడుతుంది. హార్మోనియం తిత్తి తెరుచుకుని మూసుకున్నట్టే. చర్మం సాగదు, చిరగదు, కేవలం మడత విప్పుకుంటుంది. మడతలు లేని నున్నటి గొట్టంలా ఉండి ఉంటే మొదటి పెద్ద వానకే చర్మం పగిలిపోయేది. ఇక్కడ కుండీల్లో కాక్టస్‌కు నీళ్లు ఎక్కువై ఒళ్లు పగలడం చాలామంది చూసే ఉంటారు.

లోపలికి వెళ్దాం. పైన మైనం పూసినట్టుండే మందమైన పొర. దాని కింద పచ్చటి కణజాలం. ఆకులు లేవు కనక ఆహారం తయారీ అంతా అక్కడే జరుగుతుంది. ఇంకా లోపల జిగురుతో నిండిన మెత్తని గుజ్జు, నీటి నిల్వ అంతా అందులోనే. ఆ గుజ్జు మధ్యలో నిలువుగా, చుట్టూ వలయంలా పేర్చినట్టు చెక్క కడ్డీలుంటాయి. వీటి సంఖ్య దాదాపు మడతల సంఖ్యకు సమానం. పై భాగంలో ఈ కడ్డీలు విడివిడిగా ఉంటాయి కాబట్టి మాను ఉబ్బడానికి, తగ్గడానికి అడ్డురావు. మాను మొదట్లో, నేల దగ్గర, మాత్రం ఒకదానితో ఒకటి అతుక్కుని గట్టి గొట్టంలా అయిపోతాయి, ఎందుకంటే బరువంతా పడేది అక్కడే. చెట్టు చచ్చి గుజ్జు కుళ్లి రాలిపోయాక ఎడారిలో నిలబడి ఉండే కడ్డీల కట్ట ఇదే. తేలికగా, గట్టిగా ఉండే ఈ కడ్డీలను అక్కడివాళ్లు ఇంటి కప్పులకు, దడులకు వాడుతూ వచ్చారు.

ఇక ముళ్లు. మడత అంచు వెంబడి వరసగా కనిపించే మెత్తటి నూగు బొడిపెలు ముళ్ల కుదుళ్లు. ముళ్లు, పూలు, చేతులు మూడూ పుట్టేది ఈ కుదుళ్ల నుంచే. ఒక్కో కుదురులో పదిహేను నుంచి ముప్పై దాకా ముళ్లుంటాయి. కింది భాగంలో బలంగా, పొడవుగా రెండు మూడు అంగుళాల దాకా పెరుగుతాయి. చెట్టు ఎదిగి పూత మొదలయ్యాక పైన వచ్చేవి పొట్టిగా, కాస్త మెత్తగా ఉంటాయి. అంత ఎత్తుకు నోరు చాచే జంతువు లేదు కదా. కొసన ముళ్లు, నూగు దట్టంగా కమ్ముకుని ఉండడానికి కారణం వేరు. ఎదుగుదల మొగ్గ ఉండేది అక్కడే. పగలు ముళ్ల నీడ దాన్ని మాడిపోకుండా చూస్తుంది, చలికాలపు రాత్రి అదే ముళ్ల పొర దాని వెచ్చదనాన్ని పట్టి ఉంచుతుంది. కాబట్టి ముళ్లంటే కేవలం ఆయుధాలని మీ నోట్సులో రాసి ఉంటే మార్చుకోండి.

ప్రశ్న: కొన్నిటికి పది చేతులు, కొన్నిటికి ఒక్కటీ లేదు. కొన్ని చేతులు నేలకు వంగి ఉంటాయి. ఎందుకిలా? (విజయవాడ)

టూసాన్ పక్కనున్న సవారో నేషనల్ పార్క్ ప్రాంతంలో మొదటి చెయ్యి 50 నుంచి 75 ఏళ్ల వయసులో వస్తుంది. వాన ఇంకా తక్కువ పడేచోట నూరేళ్లు పట్టవచ్చు. మాను బాగా లావెక్కిన చోట, సాధారణంగా మనిషి ఎత్తుకు కొంచెం పైన, ఒక ముళ్ల కుదురు నుంచి ముళ్ల బంతిలా చెయ్యి మొలుస్తుంది. మొదట పక్కకు పెరిగి, తర్వాత వంపు తిరిగి ఆకాశం వైపు లేస్తుంది. మానుతో కలిసేచోట మెడ సన్నగా ఉంటుంది, అక్కడే విరిగే ప్రమాదం ఎక్కువ.

పూలు కొసల్లోనే పూస్తాయి. చేతి కొస ఒక్కోటీ పెరిగినకొద్దీ పూలు, కాయలు, విత్తనాలు పెరుగుతాయి. నీరు బాగా దొరికే చోట చేతులు ఎక్కువగా రావడంలో ఆశ్చర్యం లేదు. కొన్ని మాత్రం బతికినంత కాలం ఒంటి స్తంభంలానే ఉండిపోతాయి. అది జబ్బు కాదు.

వంగిన చేతులు ఎక్కువగా పాత మంచు దెబ్బ గుర్తులు. గట్టిగా మంచు పట్టిన రాత్రి మెడ దగ్గరి కణజాలం దెబ్బతిని చెయ్యి బరువుకు కిందికి వాలుతుంది. చావకపోతే కొస మళ్లీ పైకి తిరుగుతుంది. అందుకే మెలికలు తిరిగిన చేతులు కనిపిస్తాయి. ఉష్ణోగ్రత ఇరవై గంటలకు పైగా వరసగా సున్నా డిగ్రీల కింద ఉంటే సవారో బతకడం కష్టం. ఉత్తరాన, ఎత్తైన కొండల మీద ఇది లేకపోవడానికి కారణం ఎండ కాదు, చలి. సుమారు 1200 మీటర్ల ఎత్తు దాటాక ఇది అరుదైపోతుంది.

కొసన విసనకర్రలా విచ్చుకున్న సవారోలు కూడా అరుదుగా కనిపిస్తాయి. ఎదుగుదల మొగ్గ ఒక చుక్కలా కాకుండా ఒక గీతలా సాగిపోవడం వల్ల ఆ ఆకారం వస్తుంది. అలా ఎందుకు సాగుతుందో శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు.

ప్రశ్న: మేం అరిజోనాలోని చాండ్లర్‌లో ఇల్లు కొన్నాం. ముందు వాకిట్లో ఇరవై అడుగుల సవారో ఉంది. నేలకు నాలుగడుగుల ఎత్తున నల్లటి మచ్చ, దాన్నుంచి దుర్వాసనతో ముదురు రంగు ద్రవం కారుతోంది. ఏం చెయ్యాలి? (చాండ్లర్)

ఇది బ్యాక్టీరియా వల్ల వచ్చే కుళ్లు. పురుగు తొలిచిన చోట నుంచో, గాయం నుంచో, మంచు దెబ్బ తగిలిన చోట నుంచో ఎర్వినియా జాతి బ్యాక్టీరియా లోపలికి చేరి గుజ్జును నీళ్లలా కరిగించేస్తుంది. ఆలస్యం చెయ్యొద్దు, ఎండాకాలంలో ఇది వేగంగా పాకుతుంది.

ముందు తట్టి చూడండి. మచ్చ చుట్టూ వేలితో నొక్కితే ఎక్కడిదాకా మెత్తగా ఉందో తెలుస్తుంది. మెత్తదనం మాను చుట్టుకొలతలో మూడో వంతు దాటితే, లేదా చెట్టు కొత్తగా ఒక పక్కకు ఒరిగితే మీరు చెయ్యి పెట్టకండి. ఇరవై అడుగుల మాను టన్నులకొద్దీ బరువుంటుంది, పడితే కారు నుజ్జవుతుంది. పిల్లల్ని, వాహనాలను దాని ఎత్తుకు ఒకటిన్నర రెట్ల దూరంలో ఉంచి, కాక్టస్ పని తెలిసిన లైసెన్సు ఉన్న చెట్ల నిపుణుణ్ని పిలవండి.

మచ్చ చిన్నదైతే పని ఇలా చెయ్యండి. మందపాటి చేతి తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకోండి. పదునైన కత్తితో కుళ్లినదంతా కోసి, పొడవైన గరిటెతో తోడేయండి. కుళ్లు అయిపోయిందనిపించాక కూడా ఇంకో అర అంగుళం గట్టి తెల్లటి గుజ్జు వచ్చేదాకా తియ్యండి. చాలామంది ఆగిపోయేది ఇక్కడే, జబ్బు తిరగబెట్టేదీ ఇందుకే. ప్రతి కోతకు ముందు కత్తిని బ్లీచ్ నీళ్లలో ముంచాలి. గుంత కింది అంచును బయటికి వాలుగా కోయండి, వాన నీరు అందులో నిలవకూడదు. తర్వాత ఒక వంతు ఇంటి బ్లీచ్, తొమ్మిది వంతుల నీళ్లు కలిపి గుంతంతా కడిగి, తెరిచి వదిలెయ్యండి. సిమెంటు, తారు, పెయింటు ఏదీ నింపొద్దు. గాలి తగిలితేనే లోపలి గోడ ఎండి గోధుమరంగు గట్టి పొర కడుతుంది. తీసిన కుళ్లును ప్లాస్టిక్ సంచిలో కట్టి చెత్తలో వెయ్యండి, మొక్కల మొదట్లో పారెయ్యొద్దు.

తర్వాత మీ డ్రిప్ గొట్టాలు చూడండి. గడ్డికో, గులాబీకో పెట్టిన నీరు రోజూ సవారో మొదట్లోకి పోతుంటే జబ్బుకు సగం కారణం అదే. స్థిరపడిన సవారోకు రోజువారీ నీళ్లు అక్కర్లేదు. వానలు బొత్తిగా లేని వేసవిలో నెలకోసారి, మొదటికి మూడు నాలుగు అడుగుల అవతల నెమ్మదిగా తడిపితే చాలు.

ప్రతి మచ్చా జబ్బు కాదు. మాను మొదట్లో చర్మం బెరడులా గోధుమరంగులోకి మారి గట్టిపడటం వయసు లక్షణం. పైన గుండ్రటి కన్నం, అంచులు పొడిగా గట్టిగా ఉంటే అది పిట్ట గూడు. గీలా వడ్రంగిపిట్ట, గిల్డెడ్ ఫ్లికర్ అనే పిట్టలు మానును తొలుస్తాయి. చెట్టు ఆ గాయం చుట్టూ గట్టి పొర కట్టుకునేదాకా నెలల తరబడి ఆగి, అప్పుడు కాపురం పెడతాయి. అవి వదిలేశాక అరచేతిలో ఇమిడేంత ఎల్ఫ్ గుడ్లగూబ చేరుతుంది. ఆ కన్నాలను పూడ్చకండి.

ఇంకో మాట. ఆ చెట్టును తీసేయాలన్నా, వేరేచోటికి మార్చాలన్నా ముందు అరిజోనా వ్యవసాయ శాఖను అడగండి. సవారో అక్కడి చట్టం రక్షణలో ఉన్న మొక్క. మార్చే పని నిపుణులదే అయినా, పాత చోట దక్షిణం వైపున్న పక్కకు గుర్తు పెట్టించి కొత్త చోట కూడా అదే పక్క దక్షిణానికి ఉండేలా నాటించండి. ఎండకు అలవాటు లేని పక్క దక్షిణానికి తిరిగితే చర్మం పసుపు రంగుకు మాడి, ఆ మచ్చ జీవితాంతం ఉండిపోతుంది.

ప్రశ్న: మా ఊరి గుట్ట మీద కూడా పలకలు పలకలుగా, నిలువుగా పెరిగే జెముడు ఉంది. అదీ సవారో చుట్టమేనా? (నల్లగొండ జిల్లా)

కాదు. చిన్నగా గిల్లి చూడండి, కళ్లకు దూరంగా. తెల్లటి పాలు కారితే అది యుఫోర్బియా, మన బొమ్మజెముడు ఆ కుటుంబానిదే. ఆ పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. సవారోలో పాలు ఉండవు. రెండో గుర్తు ముళ్లు: బొమ్మజెముడుకు ముళ్లు జంటలుగా వస్తాయి, కాక్టస్‌కు నూగు కుదురు నుంచి గుత్తిగా వస్తాయి. కాక్టస్‌లు దాదాపు అన్నీ అమెరికా ఖండాలవే. మన పొలాల గట్ల మీది నాగజెముడు నిజమైన కాక్టసే, కానీ అది కూడా అక్కడి నుంచి వచ్చి ఇక్కడ పాకిందే. వేరువేరు ఖండాల్లో, సంబంధం లేని రెండు కుటుంబాల మొక్కలు కరువుకు ఒకే రూపంతో జవాబు చెప్పాయి.

నర్సరీల్లో స్తంభంలా పెరిగే కాక్టస్ అని అమ్మేది సాధారణంగా సీరియస్ (Cereus) జాతి మొక్క. దానికి మడతలు తక్కువ, అయిదు నుంచి ఎనిమిది, లోతుగా ఉంటాయి. దాన్ని సవారో అని ఎక్కువ ధరకు అమ్మితే కొనకండి.

ప్రశ్న: డ్రాగన్ ఫ్రూట్ సాగు చేస్తున్నాను. మా పూలూ రాత్రే విచ్చుకుంటాయి. సవారో పూలు కూడా అంతేనట కదా? (సంగారెడ్డి జిల్లా)

అవును, రెండూ ఒకే కుటుంబం. సవారో పూలు ఏప్రిల్ చివరి నుంచి జూన్ మొదటి వారాల దాకా వస్తాయి. దాదాపు మూడంగుళాల వెడల్పు, మైనంతో చేసినట్టుండే తెల్లటి రేకులు, మధ్యలో లెక్కకందనన్ని కేసరాలు. పొద్దుగూకాక విచ్చుకుని మరునాటి మధ్యాహ్నానికల్లా ముడుచుకుంటుంది. మీ డ్రాగన్ పువ్వు పొద్దున్నకే వాడిపోతుంది, దీనికి సగం పగలు కూడా దొరుకుతుంది. రాత్రి తేనె తాగే పొడుగు ముక్కు గబ్బిలాలు, పగలు తెల్లరెక్క పావురాలు, తేనెటీగలు పుప్పొడి మోస్తాయి. తన పుప్పొడి తనకు పనికిరాదు, పక్క చెట్టుది రావాల్సిందే. మీ తోటలో కొన్ని రకాలకు వేరే రకం పుప్పొడి బ్రష్‌తో అద్దితే గాని కాయ నిలవనట్టే ఇది కూడా. 1931 నుంచి ఇది అరిజోనా రాష్ట్ర పుష్పం.

రాత్రి పని పూలకే పరిమితం కాదు. మామూలు మొక్కలు పగలు రంధ్రాలు తెరిచి గాలి పీల్చుకుంటాయి. ఎడారిలో పగలు తెరిస్తే గాలి కంటే ముందు నీరు పోతుంది. సవారో రాత్రి చల్లబడ్డాక తెరిచి, కార్బన్ డయాక్సైడును మాలిక్ ఆమ్లంగా దాచుకుని, తెల్లవారాక తలుపులు మూసి ఎండ వెలుతురులో దాన్ని చక్కెరగా మార్చుకుంటుంది. డ్రాగన్ ఫ్రూట్ కూడా ఇంతే. ఈ పద్ధతిలో నీరు బాగా ఆదా అవుతుంది, ఎదుగుదల మాత్రం నిదానం.

కాయలు జూన్, జూలైల్లో పండుతాయి. పగిలిన పండు లోపలి ఎర్రదనం చూసి దూరం నుంచి పువ్వనుకుంటారు. ఒక్కో కాయలో సుమారు రెండు వేల నల్లటి చిన్న విత్తనాలు. ఆ ఎడారి మూలవాసులైన టోహోనో ఓఓధమ్ జాతివాళ్లు సవారో కడ్డీలనే కలిపి కట్టిన పొడవాటి దోటెలతో పండ్లు రాల్చి, గుజ్జును కాచి పానకం చేస్తారు. దాన్ని పులియబెట్టిన పానీయంతో వానలను ఆహ్వానిస్తారు. వాళ్ల కొత్త ఏడాది ఈ పంటతోనే మొదలవుతుంది.

ప్రశ్న: వయసు ఎలా చెప్పాలి? కొమ్మలు లెక్కపెడితే సరిపోతుందా? (హైదరాబాద్)

సరిపోదు. టేకు, వేప మానుల్లాంటి వార్షిక వలయాలు కూడా ఇందులో ఉండవు. ఎత్తును ఆ ప్రాంతపు వానతో కలిపి అంచనా వెయ్యడమే దారి. సవారో నేషనల్ పార్క్‌లో మొదటి ఎనిమిదేళ్లకు ఒకటి, ఒకటిన్నర అంగుళమే పెరుగుతుంది. దాదాపు 35 ఏళ్లకు, ఏడెనిమిది అడుగుల ఎత్తులో, మొదటి పువ్వు. 125 ఏళ్లకు పూర్తి ప్రౌఢత్వం. 150 నుంచి 200 ఏళ్లు ఆయుష్షు. మీరు ఫొటో పంపిన ఐదు చేతుల చెట్టు మన రైళ్లు కొత్తగా నడుస్తున్న రోజుల్లోదై ఉండవచ్చు.

ప్రశ్న: ఎడారిలో దప్పికైతే దీన్ని కోసి నీళ్లు తాగవచ్చా? (ఒంగోలు)

వద్దు. కోస్తే నీళ్లు కారవు, జిగురు గుజ్జు వస్తుంది. అందులోని ఆమ్లాలు, కార్నిజీన్ వంటి ఆల్కలాయిడ్లు వాంతులు తెప్పించి ఒంట్లో ఉన్న నీటిని కూడా పోగొడతాయి. తినదగినది పండు మాత్రమే.

ప్రశ్న: సవారో విత్తనాలు దొరికాయి. రెండుసార్లు వేశాను. మొలిచిన నెలలోపే మొదలు మెత్తబడి పడిపోయాయి. అనంతపురం కూడా కరువు ప్రాంతమే కదా, ఎందుకు బతకడం లేదు? (అనంతపురం)

మీ మొలకలను చంపింది నారుకుళ్లు. కరువు నేల అనే ధైర్యంతో సవారో మొలకకు పెద్ద కాక్టస్ వాతావరణం ఇవ్వడం అందరూ చేసే పొరపాటే. అడవిలో కూడా ఇది ఎర్రటి ఎండలో మొలవదు. పాలో వెర్డే, మెస్కీట్, ఐరన్‌వుడ్ లాంటి చెట్ల నీడలో, వాటి కొమ్మల చాటున ఏళ్ల తరబడి పెరుగుతుంది. మీ ఊరి వాన సుమారు 550 మిల్లీమీటర్లు, టూసాన్ వానకు దాదాపు రెట్టింపు. అందులో ఎక్కువ భాగం నాలుగు నెలల్లో, తేమగాలితో కలిసి వస్తుంది. మొలకకు శత్రువు ఆ తేమే.

ఈసారి ఇలా చెయ్యండి. ఫిబ్రవరిలో వెయ్యండి, వానాకాలానికి మొలకలు కాస్త గట్టిపడతాయి. నాలుగంగుళాల కుండీ, అడుగున కన్నాలు తప్పనిసరి. మిశ్రమం: రెండు వంతులు ముతక నది ఇసుక (జల్లించి దుమ్ము తీసెయ్యాలి, కడగాలి), రెండు వంతులు పెర్లైట్ గానీ రెండు మూడు మిల్లీమీటర్ల ఇటుక నలుసు గానీ, ఒక వంతు బాగా మాగిన వర్మీకంపోస్టు. నల్లరేగడి మన్ను ఒక్క గుప్పెడు కూడా వద్దు. కుండీ నింపాక మరిగే నీళ్లు రెండుసార్లు పోసి, చల్లారాక విత్తండి. విత్తనాలను పైనే చల్లాలి, పూడ్చకూడదు, వెలుతురు తగలాలి. ఒక్కోదానికీ మధ్య సెంటీమీటరు ఎడం. కుండీని పల్చటి పాలిథిన్‌తో కప్పి, నేరుగా ఎండ పడని వెలుతురులో 25 నుంచి 32 డిగ్రీల మధ్య ఉంచండి. ఒకటి రెండు వారాల్లో మొలుస్తాయి.

అసలు జాగ్రత్త ఇప్పటి నుంచి. మూడో వారం నుంచి పాలిథిన్‌కు రోజుకో కన్నం పెడుతూ, నెలకు పూర్తిగా తీసెయ్యండి. ఒకేసారి తీస్తే మాడతాయి, రెండు నెలలు ఉంచితే కుళ్లుతాయి. పైన ఆకుపచ్చ పాచి కడితే నీరు ఎక్కువైనట్టు. పొడి ఇసుక పల్చగా చల్లి, నీళ్లు పై నుంచి కాకుండా కుండీని పళ్లెంలో ఉంచి కింది నుంచి పెట్టండి. పై పొర ఆరాక మళ్లీ తడపండి. మొదటి ఏడాది మట్టిని పూర్తిగా ఎండనివ్వకూడదు, రెండో ఏడాది నుంచి పూర్తిగా ఎండనివ్వాలి. ఏడాది మొలక శనగగింజంత ఉంటే అది బాగా పెరిగినట్టే, యూరియా వెయ్యాలని ఆత్రపడకండి. నత్రజని ఎక్కువైతే ఒళ్లు నీరుపట్టి మొదటి వానకే కుళ్లుతుంది. ఎరువు కావాలంటే మామూలు కాక్టస్ ఎరువును చెప్పిన మోతాదులో నాలుగో వంతు, నెలకోసారి, ఫిబ్రవరి నుంచి మే దాకా చాలు.

ఏప్రిల్, మేల్లో 50 శాతం షేడ్‌నెట్ కింద ఉంచండి. జూన్ నుంచి నవంబరు దాకా పైన పాలికార్బొనేట్ రేకు, నాలుగు వైపులా గాలి. మొక్క వేరు దగ్గర దూదిలాంటి తెలుపు కనిపిస్తే పిండినల్లి. కుండీ దింపి, వేళ్లు కడిగి, ఆరబెట్టి, కొత్త మిశ్రమంలో నాటి వారం దాకా నీళ్లు పెట్టకండి. కొస సన్నబడి లేత రంగులో సాగుతుంటే వెలుతురు చాలడం లేదు. మెల్లగా, వారానికి గంట చొప్పున ఉదయపు ఎండ పెంచండి.

విదేశాల నుంచి మొక్కలు, విత్తనాలు పోస్టులో తెప్పించాలంటే మన దేశపు మొక్కల క్వారంటైన్ అనుమతి ఉండాలి. మొక్క విషయంలో అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారంపై కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ నిబంధనలూ వర్తిస్తాయి. విశాఖ, కాకినాడల్లాంటి తీరపు ఊళ్లవాళ్లకు మా సలహా: సవారో కోసం పాట్లు పడకండి. అదే రూపం కావాలంటే సీరియస్ పెంచుకోండి, వానకు తట్టుకుంటుంది, నాలుగైదేళ్లలో మనిషెత్తు అవుతుంది.

ప్రశ్న: ప్రపంచంలో ఎత్తైన కాక్టస్ సవారోయేనా? టెక్సాస్‌లో మాకు ఒక్కటీ కనిపించలేదే? (డాలస్)

టెక్సాస్‌లో, న్యూ మెక్సికోలో సవారో సహజంగా పెరగదు. సినిమా పోస్టర్లు ఎడారి అనగానే ఎక్కడైనా ఈ బొమ్మ వేస్తాయి. ఇది సొనోరా ఎడారిదే, కాలిఫోర్నియాలో కూడా కొలరాడో నది ఒడ్డున ఏవో కొద్ది చెట్లు మాత్రమే.

కేవ్ క్రీక్ చెట్టు లాంటి ఒకటీ అరాను పక్కన పెట్టి జాతిగా చూస్తే, ఎత్తులోనూ బరువులోనూ పెద్దది కార్డాన్ అనే కాక్టస్, మెక్సికోలోని బాహా కాలిఫోర్నియాది. 19.2 మీటర్ల కార్డాన్ నమోదై ఉంది. రెంటినీ పక్కపక్కన పెడితే తేడా సులువే: కార్డాన్‌కు మడతలు తక్కువ, 11 నుంచి 17, అవి వెడల్పుగా ఉంటాయి. చేతులు నేలకు దగ్గరగానే మొదలై గుబురుగా లేస్తాయి. కాయల మీద గోధుమరంగు బిరుసు నూగు దట్టంగా ఉంటుంది, సవారో కాయ దాదాపు నున్నగా ఉంటుంది.

ప్రశ్న: 2023 వేసవిలో ఫీనిక్స్‌లో సవారోలు కూలిపోయాయని వార్తలు చూశాం. ఎడారి మొక్కకు ఎండ దెబ్బేమిటి? (మెసా)

ఆ ఏడాది ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు పగటి ఉష్ణోగ్రత 110 ఫారన్‌హీట్, అంటే దాదాపు 43 సెల్సియస్, లేదా అంతకంటే ఎక్కువ ఉంది. అయినా దెబ్బతీసింది పగలు ఒక్కటే కాదు. కాంక్రీటు, తారు రోడ్లు వేడిని పట్టి ఉంచడంతో రాత్రులు చల్లబడలేదు. ఈ మొక్క ఊపిరి పీల్చేది రాత్రే అని పైన చెప్పాం. రాత్రి చల్లబడకపోతే రంధ్రాలు సరిగా తెరుచుకోవు. దాచిన చక్కెర కరుగుతుంది, నీరు తగ్గుతుంది, కణజాలం బలహీనపడి లోపలి నుంచి కుళ్లు మొదలవుతుంది. అందుకే చేతులు ఊడిపడటం, మాను కూలడం వేడి తగ్గిన తర్వాత కూడా కొనసాగింది. మీ వాకిట్లో ఉంటే మొదటి చుట్టూ తెల్లటి కంకర రాళ్లు, పరిచిన బండలు తీసేసి మామూలు నేలను వదలండి, ఎండ గోడ మీంచి ప్రతిఫలించే చోట పడమటి వైపు వేసవిలో షేడ్‌నెట్ కట్టండి.

ఊరి బయట ఇంకో ముప్పు ఉంది, మనకు తెలిసిన గడ్డి నుంచే. మన మెట్ట ప్రాంతాల్లో పశువుల మేతకు పెంచే అంజన్ గడ్డిని అక్కడ బఫెల్ గడ్డి అంటారు. 1930ల తర్వాత మేతకని, నేల కోత ఆపడానికని అమెరికాలో నాటిన ఈ గడ్డి సొనోరా ఎడారంతా పాకింది. ఆ ఎడారిలో పొదకూ పొదకూ మధ్య ఖాళీ నేల ఉండేది, నిప్పు పాకేది కాదు. ఎండిన గడ్డి ఆ ఖాళీని నింపేసింది. సవారోకు మంటను తట్టుకునే బెరడు లేదు, మొదట్లో చర్మం చుట్టూ కాలితే కొన్నేళ్లలో పోతుంది. టూసాన్ చుట్టుపక్కల స్వచ్ఛంద కార్యకర్తలు గడ్డపారలతో ఈ గడ్డి కుదుళ్లను పెకలిస్తున్నారు. మీ పెరట్లో కనిపిస్తే కోయొద్దు, కోస్తే మళ్లీ చిగురిస్తుంది. వాన పడి నేల మెత్తబడిన మరునాడు, కంకి గింజ కట్టకముందే, వేరుతో సహా పెరికి సంచిలో కట్టెయ్యండి.